దోమతెరా, క్రీమా, లిక్విడ్ మెషీనా? దోమ కుట్టే వేళను బట్టి ఎంచుకోండి

మూడేళ్ల కిందట మా చిన్నపాపకు డెంగీ వచ్చింది. అప్పటికి మా ఇంట్లో ప్రతి గదిలోనూ లిక్విడ్ మెషీన్ ఉండేది. సాయంత్రం ఆరు కాగానే కిటికీలు మూసి, మెషీన్లు ఆన్ చేసేవాళ్లం. "ఇంత చేసినా ఎలా వచ్చింది?" అని ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్తను అడిగాను. ఆవిడ ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, హాల్లో కిటికీ మీద పెట్టుకున్న మనీప్లాంట్ సీసా తీసి వెలుతురుకు పట్టి చూపించారు. నీళ్లలో సన్నటి పురుగులు, అంటే దోమ లార్వాలు, తలకిందులుగా వేలాడుతున్నాయి. సీసా కదలగానే మెలికలు తిరుగుతూ అడుగుకు పోయాయి. మా పాప బడి నుంచి వచ్చి, నాలుగు గంటలకు ఆ కిటికీ పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకునేది. మేము మెషీన్ వేసేది ఆరింటికి.

ఆ రోజు నుంచి ఎవరైనా "దోమలకు ఏది మంచిది?" అని అడిగితే ముందు నేను అడిగేది ఒకటే: ఏ దోమకు, ఏ వేళలో?

ముందు చూసుకోవాల్సినవి

షాపులో డబ్బా చేతిలోకి తీసుకునే ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. మీ ప్రాంతంలో భయం ఏ జబ్బుతో? ఆ జబ్బును మోసే దోమ పగలు కుడుతుందా, రాత్రా? ఆ వేళలో మీరు, మీ పిల్లలు ఎక్కడ ఉంటారు: ఇంట్లోనా, బళ్లోనా, పొలంలోనా? ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉన్నారా? మీరు పెట్టే డబ్బు దోమల సంఖ్యను తగ్గిస్తుందా, లేక ఆ కాసేపు మీ దగ్గరికి రాకుండా చేస్తుందా? ఈ చివరిది చాలామంది అడగరు. ఖర్చు ఒక్కసారితో పోతుందా, నెలనెలా పెట్టాలా అన్నది కూడా దాంతోనే తేలుతుంది.

దోమ మోసే వైరస్‌లలో మనం తరచూ వినేవి ఇవి.

| జబ్బు | మోసే దోమ | కుట్టే వేళ | దోమ పెరిగే చోటు | టీకా |
|---|---|---|---|---|
| డెంగీ | ఏడిస్ | పగలు. పొద్దున్నే, పొద్దు వాలే ముందు ఎక్కువ | ఇంట్లో, ఇంటి చుట్టూ నిల్వ ఉన్న శుభ్రమైన నీళ్లు | ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు |
| చికున్‌గున్యా | ఏడిస్ | పగలు | అవే నీళ్లు | ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు |
| జికా | ఏడిస్ | పగలు | అవే నీళ్లు | లేదు |
| మెదడువాపు (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) | వరి పొలాల క్యూలెక్స్ | చీకటి పడ్డాక, రాత్రి | వరి మళ్లు, కుంటలు | ఉంది |
| వెస్ట్ నైల్ | క్యూలెక్స్ | మునిమాపు నుంచి తెల్లవారే దాకా | మురుగు, నిలవ నీళ్లు | మనుషులకు లేదు |
| ఎల్లో ఫీవర్ (ఆఫ్రికా, దక్షిణ అమెరికా) | పట్టణాల్లో ఏడిస్ | పగలు | నిల్వ నీళ్లు | ఉంది, ఒక్క డోసు |

మలేరియా ఈ పట్టికలో లేదు. అది వైరస్ కాదు, పరాన్నజీవి. దాన్ని మోసే అనాఫిలిస్ దోమ రాత్రి కుడుతుంది. దోమ కడుపులో ఆ పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. సాయంత్రం కాగానే తలుపులు మూసి, రాత్రి దోమతెర కట్టుకునే అలవాటు మలేరియాకు సరిగ్గా సరిపోతుంది. డెంగీకి సగం కూడా సరిపోదు. మా ఇంట్లో జరిగిన పొరపాటు అదే.

డెంగీని తేలిగ్గా తీసుకోకూడదు, అలాగని హడలిపోనూ కూడదు. వైరస్ సోకినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికే జబ్బు పైకి కనిపిస్తుంది. అలా జబ్బుపడిన ప్రతి 20 మందిలో ఒకరికి అది తీవ్రమవుతుంది. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గాక వేరే రకం సోకితే ప్రమాదం పెరుగుతుంది. అందుకే "మా ఇంట్లో అందరికీ ఒకసారి వచ్చిపోయింది, ఇంక భయం లేదు" అనుకోకండి. అలాంటి ఇల్లే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

చికున్‌గున్యా ప్రాణం తీసేది తక్కువ. కానీ కీళ్లనొప్పులు నెలల తరబడి వదలవు. 2005 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై దక్షిణాదిని చుట్టేసినప్పుడు మంచం దిగలేకపోయినవాళ్లను మన ఊళ్లు ఇంకా మర్చిపోలేదు. మెదడువాపు దీనికి పూర్తిగా తిరగబడిన లెక్క. సోకినవాళ్లలో లక్షణాలు తీవ్రమయ్యేది నూటికి ఒకరికి కూడా కాదు. కానీ అలా అయినవాళ్లలో పదిమందికి ముగ్గురు దాకా చనిపోతారు. బతికిన పిల్లల్లో చాలామందికి ఫిట్స్, కాలుచేయి పడిపోవడం, మాట రాకపోవడం వంటివి మిగిలిపోతాయి.

మొదటి మార్గం: నీళ్లు ఒంపేయడం

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. ఏడిస్ దోమ పుట్టిన చోటి నుంచి దూరం పోదు. సాధారణంగా ఒకటి రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే మిమ్మల్ని కుట్టిన డెంగీ దోమ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ వీధిలోనో పుట్టిందే. దూరంగా ఉన్న మురుగు కాలవను తిట్టుకుంటూ ఇంట్లో డ్రమ్ముకు మూత పెట్టకపోతే లాభం లేదు.

గుడ్డు నుంచి ఎగిరే దోమ తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని అధికారులు పట్టుబట్టేది అందుకే. వారానికోసారి నీళ్లు ఒంపేస్తే ఏ లార్వా కూడా దోమ అయ్యేదాకా బతకదు. అయితే ఒంపేస్తే చాలదు. ఏడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి పీచుతో గోడలు గట్టిగా రుద్ది కడగాలి. వేసవిలో మూలన పడేసిన కూలర్‌ను తర్వాతి ఏడాది కడగకుండా నింపితే ఏమవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

వెతకాల్సిన చోట్లు: సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు మూతలు, బాత్రూం డ్రమ్ములు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింద పళ్లాలు, మనీప్లాంట్ సీసాలు, పెరట్లో వాడని రోలు, పశువుల కుడితి తొట్టి, డాబా మీద పాత టైర్లు, తాగి పారేసిన కొబ్బరి బొండాలు, పక్కన కడుతున్న బిల్డింగ్‌లో క్యూరింగ్ నీళ్లు. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లలో డ్రమ్ములు తప్పవు. అందుకే వాన తక్కువ పడే ఊళ్లలో కూడా డెంగీ వస్తుంది. అక్కడ మూత బిగుతుగా ఉండాలి. మూత సరిపోకపోతే పాత నూలు చీర మడతవేసి, చుట్టూ తాడు బిగించి కట్టండి. ఒంపలేని పెద్ద తొట్టెలకు మున్సిపాలిటీ, పంచాయతీ సిబ్బంది కొలత ప్రకారం లార్వాలను చంపే టెమిఫాస్ మందు వేస్తారు. బావులు, కుంటల్లో లార్వాలను తినే గంబూషియా చేపలు వదులుతారు. మురుగు కాలవల్లో వేసే ఆయిల్ బాల్స్ క్యూలెక్స్ దోమకు. అవి వేశారని డెంగీ విషయంలో నిశ్చింతగా ఉండకండి.

ఈ మార్గంలో ఉన్న ఒకే ఒక ఇబ్బంది: మీరొక్కరే చేస్తే సరిపోదు. అపార్ట్‌మెంట్‌లో తాళం వేసి ఉన్న ఫ్లాట్ బాల్కనీలో కుండీ ఉంటే అది అందరి సమస్య. మా అసోసియేషన్‌లో దీనికోసం గొడవపడాల్సి వచ్చింది. గొడవపడ్డాం. ఇప్పుడు శుక్రవారం వాచ్‌మన్‌తో పాటు ఇద్దరు నివాసులు డాబా, సెల్లార్ తిరిగి చూస్తారు. "మేం ఏడో అంతస్తులో ఉంటాం, దోమ అంత పైకి రాదు" అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. దోమ లిఫ్టులో మనతోపాటే వస్తుంది. పై అంతస్తులో నీళ్లు దొరికితే అక్కడే గుడ్లు పెడుతుంది.

కిటికీ జాలీ, దోమతెర

సొంత ఇల్లయితే ఆరు నెలల లిక్విడ్ రీఫిల్ డబ్బు పోగేసి ముందు కిటికీలకు జాలీ వేయించండి. పగలూ రాత్రీ పనిచేస్తుంది, వాసన లేదు, పొగ లేదు, ఏళ్లపాటు ఉంటుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు వెల్క్రో పట్టీతో అంటించే జాలీ దొరుకుతుంది. ఇల్లు మారితే పట్టుకెళ్లొచ్చు. మెయిన్ డోర్ రోజంతా తీసి ఉంచే ఇంట్లో మాత్రం ఇదంతా వృథా.

దోమతెర రాత్రి దోమకు తిరుగులేని అడ్డు. కొనేటప్పుడు చదరపు అంగుళానికి 156 రంధ్రాలకు తగ్గకుండా ఉన్నది చూడండి. అంచులు పరుపు కిందికి దోపాలి, ఊరికే వేలాడదీస్తే దోమ కింద నుంచి దూరుతుంది. ఏజెన్సీ గ్రామాల్లో ప్రభుత్వం పంచే మందు పూసిన తెరలు మలేరియా కోసం ఇచ్చినవే అయినా, రాత్రి కుట్టే మెదడువాపు దోమనూ అడ్డుకుంటాయి. వాటిని చేపల వలలుగానో, కూరగాయల మళ్లకో వాడకండి. పగలు నిద్రపోయే పసిపిల్లలకు, మంచాన ఉన్న పెద్దవాళ్లకు, నైట్‌షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్లకు డెంగీ నుంచి కూడా తెరే రక్ష. మిగతావాళ్లం పగలు తెరలో కూర్చోలేం కదా. అక్కడే క్రీముతో పని పడుతుంది.

ఒంటికి రాసుకునేవి

మనతోపాటు బడికి, బస్టాపుకు, పొలానికి వచ్చేది ఇదొక్కటే. అందుకే డెంగీ విషయంలో లిక్విడ్ మెషీన్ కన్నా దీన్ని ముందు పెడతాను. చాలామంది రాత్రి పడుకునే ముందు రాసుకుంటారు. పొద్దున బడికి పంపేటప్పుడు రాయాలి, సాయంత్రం ఆటకు పోయేటప్పుడు మళ్లీ రాయాలి. ముఖ్యంగా మడమలకు, పాదాలకు, పిక్కలకు. ఏడిస్ కాళ్ల దగ్గరే ఎక్కువగా కుడుతుంది.

డబ్బా మీద పేరు కన్నా లోపల ఏముందో చూడండి. డీట్, పికారిడిన్, ఐఆర్3535 బాగా పరీక్షించి, నమ్మకం కుదిరిన మందులు. మన దగ్గర ఇంటింటా తెలిసిన ఓడోమాస్‌లో ఉండేది డైఇథైల్ బెంజమైడ్ 12 శాతం. డీట్ శాతం పెరిగితే రక్షణ బలం పెరగదు, పనిచేసే గంటలు పెరుగుతాయి. సుమారు 24 శాతం డీట్ ఐదు గంటల దాకా ఆపుతుంది. చెమట పడితే ఆ సమయం తగ్గుతుంది, మన ఎండల్లో మరీను. సన్‌స్క్రీన్ కూడా వాడితే ముందు అది రాసి, ఆరాక దీన్ని రాయాలి.

రెండు నెలల లోపు పసికందులకు డీట్ వద్దు, తెర చాలు. చిన్నపిల్లలకు పెద్దవాళ్లు తమ చేతిలో వేసుకుని రాయాలి, పిల్లల అరచేతులకు, కళ్లు, నోటి చుట్టూ రాయకూడదు. గర్భిణులు లేబుల్ మీద చెప్పినట్టు డీట్ వాడొచ్చు. వాడటమే మంచిది, ఎందుకో కింద చెబుతాను.

సిట్రొనెల్లా బ్యాండ్లు, స్టిక్కర్లు పిల్లల చేతికి ముద్దుగా ఉంటాయి కానీ రక్షణ నిలిచేది కాసేపే. నిమ్మ యూకలిప్టస్ నుంచి తీసిన పీఎండీ అనే మందు నిజంగా పనిచేస్తుంది, మూడేళ్లు నిండని పిల్లలకు మాత్రం వాడకూడదు. మనం జలుబుకు వాడే నీలగిరి తైలం వేరు. రెండింటినీ ఒకటనుకుని పొరపాటు పడకండి.

లిక్విడ్ మెషీన్, కాయిల్, అగరుబత్తి, బ్యాట్

లిక్విడ్‌లో ఎక్కువగా ఉండేది ట్రాన్స్‌ఫ్లుత్రిన్. మూసిన గదిలో బాగానే పనిచేస్తుంది. వాడేవాళ్లు ఒక్క మార్పు చేసుకుంటే చాలు: పిల్లలు చదువుకునే గదిలో సాయంత్రం నాలుగింటికే ఆన్ చేయండి. ఆస్తమా ఉన్నవాళ్ల గదిలో వద్దు. అక్వేరియం ఉన్న గదిలోనూ వద్దు, ఈ రకం మందులు చేపలను చంపుతాయి. రీఫిల్ సీసా పాకే పిల్లలకు అందే ప్లగ్‌లో పెట్టకండి. పొరపాటున తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందులోని కిరోసిన్ లాంటి ద్రవం వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం.

కాయిల్ చవక. కానీ మూసిన గదిలో ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. ఆరుబయట అరుగు మీద కూర్చున్నప్పుడు తప్ప వాడకండి. పిల్లలు పడుకునే గదిలో అసలే వద్దు.

సంతల్లో, చిన్న దుకాణాల్లో దొరికే "దోమల అగరుబత్తి" విషయంలో గట్టిగా చెబుతున్నాను. ప్యాకెట్ మీద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే ముట్టుకోకండి. లోపల ఏ మందు ఎంత ఉందో చెప్పే నాథుడు ఉండడు.

బ్యాట్ కంటికి కనిపించిన దోమకు సరే. మొబైల్ యాప్‌లు, అల్ట్రాసౌండ్ ప్లగ్‌లు, వెల్లుల్లి తినడం, బి విటమిన్ మాత్రలు దోమను ఆపవు. వాటి మీద డబ్బు పెట్టకండి.

ఫాగింగ్ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే వీధిలో పొగ బండి వస్తే అందరికీ ధైర్యం వస్తుంది. ఆ పొగ ఆ నిమిషంలో ఎగురుతున్న దోమలనే చంపుతుంది. మంచం కింద, బీరువా వెనక, బట్టల చాటున దాగిన ఏడిస్‌కు సరిగా తగలదు, లార్వాలకు ఏమీ కాదు. కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు దానికీ పని ఉంది. కానీ కౌన్సిలర్‌ను ఒకే ఒక్క కోరిక కోరే అవకాశం ఉంటే ఫాగింగ్ బదులు రోజూ సమయానికి కుళాయి నీళ్లు అడగండి. డ్రమ్ముల అవసరమే తగ్గుతుంది.

| మార్గం | డెంగీ దోమకు (పగలు) | మెదడువాపు దోమకు (రాత్రి) | ఖర్చు | ఎవరు జాగ్రత్తపడాలి |
|---|---|---|---|---|
| నీళ్లు ఒంపి రుద్దడం | చాలా బాగు | వరి మళ్లకు కుదరదు | దాదాపు లేదు | - |
| కిటికీ జాలీ | బాగు | బాగు | ఒక్కసారి | తలుపు తీసి ఉంచేవాళ్లు |
| దోమతెర | పగలు పడుకునేవాళ్లకే | చాలా బాగు | ఒక్కసారి | అంచులు దోపనివాళ్లు |
| క్రీము | చాలా బాగు | బాగు | నెలనెలా | 2 నెలల లోపు పసికందులు |
| లిక్విడ్ మెషీన్ | వేళకు వేస్తే పర్వాలేదు | బాగు | నెలనెలా | ఆస్తమా, చిన్నపిల్లలు |
| కాయిల్ | ఆరుబయట కాస్త | ఆరుబయట కాస్త | నెలనెలా, తక్కువ | అందరూ |
| ఫాగింగ్ | ఆ కాసేపే | ఆ కాసేపే | ప్రభుత్వానిది | - |

టీకాలు

మెదడువాపు జబ్బు ఉన్న జిల్లాల్లో పిల్లలకు జేఈ (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) టీకా ఉచితం: తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. వరి పొలాలు, పందులు తిరిగే చోట్లు, కొంగలు వాలే చెరువులు ఉన్న ఊరైతే పిల్లల టీకా కార్డు ఈరోజే తీసి చూడండి. పందుల్లో, కొంగల్లో ఈ వైరస్ పెరుగుతుంది, దోమ దాన్ని మన దాకా తెస్తుంది. మిగతా ఏ జాగ్రత్తా ఈ టీకాకు సాటిరాదు.

డెంగీ టీకా కథ అంత సూటిగా లేదు. ముందుగా వచ్చిన డెంగ్వాక్సియా, అంతకుముందు డెంగీ రానివాళ్లలో తర్వాత జబ్బు తీవ్రం కావచ్చని తేలడంతో వెనక్కి తగ్గింది. తకేడా కంపెనీ క్యూడెంగాను జబ్బు ఎక్కువగా ఉన్న చోట్ల 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు, మూడు నెలల తేడాతో రెండు డోసులు వేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. దాన్ని తయారు చేయడానికి మన హైదరాబాద్ బయోలాజికల్ ఇ 2024లో ఒప్పందం చేసుకుంది. పానేసియా బయోటెక్ ఒక్క డోసు టీకా మీద అదే ఏడాది పదివేల మందికి పైగా వలంటీర్లతో మూడో దశ పరీక్ష మొదలైంది. మీ పిల్లల డాక్టరును అడుగుతూ ఉండండి. ఈలోగా డ్రమ్ము మూత తీయకండి.

మీరు ఎవరైతే ఏం చేయాలి

*గర్భిణి ఉన్న ఇల్లు.* మిగతా అందరికన్నా ఇక్కడ పట్టుదల కావాలి. జికా కడుపులోని బిడ్డ మెదడు ఎదగకుండా చేయగలదు. 2021లో కేరళలోనూ, కాన్పూర్‌లోనూ కేసులు వచ్చాయి. కాన్పు వేళ తల్లికి చికున్‌గున్యా, డెంగీ ఉంటే బిడ్డకు సోకవచ్చు. జాలీ, పగలు క్రీము, పూర్తిగా కప్పే నూలు బట్టలు, మధ్యాహ్నం నిద్రకు తెర: నాలుగూ కావాలి. జికా భర్త నుంచి కూడా సంక్రమిస్తుంది కాబట్టి ఆయన కూడా ఇవే పాటించాలి.

*వరి పొలాల పక్క ఊరు.* టీకా, రాత్రి తెర, ఈ రెండూ ముందు. పగలు డ్రమ్ముల సంగతి ఎలాగూ ఉంది.

*హాస్టల్ పిల్లలు.* గదికి జాలీ వేయించుకోలేరు, మెషీన్‌కు ప్లగ్ దొరకదు. ట్రంకులో క్రీము, మడిచే తెర పెట్టి పంపండి. వార్డెన్‌తో ట్యాంకు మూతల గురించి మాట్లాడండి.

*అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు.* టెక్సాస్ వంటి చోట్ల వేసవిలో పొద్దు గూకాక వాకింగ్‌కు వెళ్తాం. వెస్ట్ నైల్ మోసే దోమ కుట్టేది అప్పుడే. 2012లో డాలస్ చుట్టుపక్కల అది పెద్దఎత్తున వచ్చింది. సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ తెలియదు, సుమారు 150 మందిలో ఒకరికి మెదడుకు, నరాలకు పాకుతుంది. 60 దాటినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. టీకా లేదు. అక్కడి షాపుల్లో ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) నంబరు ఉన్న డీట్ లేదా పికారిడిన్ స్ప్రే కొని, వాకింగ్‌కు ముందు కాళ్లకు, చేతులకు కొట్టుకోండి.

*నైజీరియా, కెన్యా వంటి దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవాళ్లు.* ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. టీకా కార్డు, టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది, టికెట్ బుక్ చేసేటప్పుడే ఈ లెక్క చూసుకోండి. కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలో క్వారంటైన్‌కు పంపవచ్చు.

ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చేస్తే

డెంగీ అనుమానం ఉంటే మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 రక్తపరీక్ష (వైరస్‌ను పట్టేది), ఆ తర్వాత ఐజీఎం (వైరస్‌కు ఎదురుగా ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను చూసేది). జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. ప్లేట్‌లెట్ల అంకె చూసి టెన్షన్ పడేకన్నా మనిషిని చూడండి: విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఆయాసం కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి. ఇవి తరచూ జ్వరం తగ్గిన రోజునే మొదలవుతాయి. "జ్వరం తగ్గింది కదా" అని మనం ఊపిరి పీల్చుకునే వేళ అది.

ఇంకొకటి, ఎక్కువమందికి తెలియనిది. జ్వరం ఉన్న రోజుల్లో రోగిని కుట్టిన దోమ వైరస్‌ను తీసుకుని తర్వాత ఇంట్లో మరొకరికి అంటిస్తుంది. కాబట్టి రోగిని పగలు కూడా తెరలోనే పడుకోబెట్టాలి. మా పాపకు జ్వరం వచ్చిన రెండో రోజున ఆశా కార్యకర్త చెప్పి వెళ్లాక, హాల్లో మంచానికి పగలంతా తెర కట్టి ఉంచాం. వాళ్ల అన్నయ్య తెర బయట కూర్చుని, కాళ్లకు క్రీము రాసుకుని, కథలు చదివి వినిపించేవాడు. వాడికి డెంగీ రాలేదు.